ఒకే కెమెరా, రెండు దీపాలు

సూరత్ రింగ్ రోడ్డు మీద వరసగా నిలబడ్డ బట్టల మార్కెట్లను ఆనుకుని సలాబత్‌పురా ఉంటుంది. మధ్యాహ్నమయ్యేసరికి మోతీ బేగంవాడి సందుల్లో నడిచే మనిషికన్నా నెత్తిన మూట ఉన్నవాడికే దారి ముందు దొరుకుతుంది. గ్రే గుడ్డ తానులు, మిల్లు నుంచి దిగిన ప్రింటు చీరలు, ఊళ్ళ పేర్లు రాసిన పార్సెళ్ళు ఎటు చూసినా అవే. రైలు పట్టాలకు అవతల లింబాయత్‌లో, మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీలు తరాలుగా స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీలతోపాటు తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోందంటే ఎంతమంది ఉంటారో ఊహించుకోవచ్చు.

ఈ బజారులో చీరను ఒక్కటిగా అమ్మరు. ఒకే డిజైను, ఆరో ఎనిమిదో రంగులు, కలిపి ఒక సెట్టు. ఒకప్పుడు నమూనాలు పట్టుకుని ఏజెంటు ఊరూరూ తిరిగేవాడు. ఇప్పుడు సరుకు మడత పడకముందే దాని ఫోటో గుంటూరు దుకాణంవాళ్ళ వాట్సాప్‌కు చేరుతుంది. ఆ వెంటనే వాళ్ళు వీడియో అడుగుతారు. అలాంటి ఒక దుకాణం మూడో అంతస్తులో, తెల్ల పరదా కట్టిన చిన్న గదిలో నడిచిన వాదన ఇది. ఒకరు మేనమామ: కరీంనగర్ జిల్లా నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి వచ్చి, ఆ పని వదిలి లింబాయత్‌లో పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరైన మనిషి. ఇంకొకరు మేనకోడలు: ఆ దుకాణానికి కేటలాగు తయారుచేసే అమ్మాయి. వాళ్ళ మాటను వాళ్ళ యాసలోనే ఉంచాను. నాకు తోచింది మధ్యమధ్య చెబుతాను.

కోడలు: సేఠ్ లక్షన్నర ఇస్తనన్నడు మామా. దీపాలు, లెన్సు, స్టాండు, కార్డులు అన్నీ అండ్లనే. ఒక చిన్న మిర్రర్‌లెస్ తీస్కుంట. ఫోటో, వీడియో రెండూ దాంతోనే.

మామ: రెండూ చేసేది రెండూ సగమే చేస్తది బిడ్డా. ఫుల్‌ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్ సెకండ్‌హ్యాండ్‌ల తీస్కో. పెండ్లిళ్ళోళ్ళంత మిర్రర్‌లెస్‌కు మారుతున్నరు, పాతవి అగ్గువకు అమ్ముతున్నరు. ఫోటోలు దాంతోని తియ్యి. వీడియోకు నీ చేతుల ఫోనున్నది.

కోడలు: ఒక డబ్బా రెండు పనులు చేసుడు కొత్త ముచ్చటా ఏంది? 2008ల నికాన్ డీ90 వీడియో తీసింది. అదే ఏడు కానన్ 5డీ మార్క్ 2 వచ్చి ఫుల్ హెచ్‌డీ తీసింది. పానాసోనిక్ జీ1 లోపలి అద్దమే తీసేసింది, అది గూడ అదే ఏడు. రాంగోపాల్ వర్మ దొంగల ముఠాను అయిదు రోజుల్ల 5డీతో తీసిండని నాకు చెప్పింది నువ్వే కదా.

మామ: 2011 ముచ్చట అది. మల్లేడు మారుతి ‘ఈ రోజుల్లో’ గూడ 5డీతోనే తీసిండు. అవి చూసే నేను భుజం మీది వీడియో కెమెరా అమ్మేసిన. కానీ ఒకటి చెప్పు. సినిమా సెట్ల స్టిల్ ఫోటోగ్రాఫర్ అని ఒక మనిషి వేరే ఎందుకుంటడు? పక్కన 5డీ ఉన్నది కదా, దాంతోనే రెండూ ఎందుకు కానిస్తలేరు?

కోడలు: వాళ్ళకు మంది ఉంటరు. ఇక్కడ నేనొక్కదాన్నే. మోడల్‌కు చీర కట్టి, కుచ్చిళ్ళు సరిచేసి, పిన్నులు పెట్టుడే పావుగంట. ఒక కట్టు మీదనే ఫోటోలు, వీడియో రెండూ అయిపోవాలె. కెమెరా మార్చేలోపు కొంగు జారుతది.

మామ: సరే. ఏ కెమెరా చూసినవ్?

కోడలు: సోనీ జడ్‌వీ-ఈ10 రెండోది. 2024ల వచ్చింది. 26 మెగాపిక్సెళ్ళు, 4కేల సెకనుకు 60 ఫ్రేములు, 10 బిట్ రంగు. మొదటిదాంట్ల బ్యాటరీ 1020 ఎంఏహెచ్ ఉండె, ఇండ్ల 2280.

మామ: షట్టర్ ఉన్నదా?

కోడలు: ఎలక్ట్రానిక్ షట్టర్ ఉన్నది.

మామ: అంటే లేదన్నట్టు. లోపల తెరుసుకునే, మూసుకునే పరద లేదు. నా దగ్గర రెండు స్టూడియో ఫ్లాష్‌లున్నయి, ఊరికెనే ఇస్త అనుకుంటున్న. వాటిని ఆ కెమెరాతో ఎట్ల కొడ్తవ్?

ఇక్కడ కొంచెం ఆగాలి. ఫ్లాష్ వెలుగు సెకనులో వెయ్యో వంతో, అంతకన్నా తక్కువో ఉంటుంది. ఆ క్షణంలో సెన్సర్ మొత్తం ఒకేసారి వెలుగుకు తెరుచుకుని ఉండాలి. పరదా ఉన్న కెమెరాలో సెకనులో 160వ వంతు, 200వ వంతు దాకా అది కుదురుతుంది. పరదా లేనివి సెన్సర్‌ను పైనుంచి కిందికి వరసలుగా చదువుతాయి. అన్ని వరసలూ ఒకేసారి తెరిచి ఉండాలంటే స్పీడు బాగా తగ్గించాల్సిందే. అంత నెమ్మదిలో గదిలోని ట్యూబ్‌లైటు వెలుగు కూడా ఫోటోలోకి దిగి ఫ్లాష్ రంగుతో కలిసిపోతుంది. కెమెరా ప్రకటనల్లో 4కే 60 పెద్దక్షరాల్లో ఉంటుంది. పరదా లేదన్న మాటను పట్టికలో వెతుక్కోవాలి. అందుకే షట్టర్ ఉందా అన్న మామ ప్రశ్న నాకు నచ్చింది.

కోడలు: మొదటి జడ్‌వీ-ఈ10ల షట్టర్ ఉన్నది. 2021ది. కానన్ ఆర్50ల గూడ ముందు పరద ఎలక్ట్రానిక్, వెనకది అసలుది, ఫ్లాష్‌కు ఇబ్బంది లేదు.

మామ: ఫ్లాష్ షూ గూడ చూడాలె. కానన్ 200డీ రెండోదాంట్ల షూ నడుమ పిన్నే తీసేసిండ్రు. మనోళ్ళు అగ్గువ ట్రిగ్గర్లు కొనుక్కొచ్చి పెట్టి, లేస్తలేదేందని మొత్తుకున్నరు. నా ట్రిగ్గర్ పట్టుకపోయి, దుకాణంల పెట్టి, కొట్టి చూసినంకనే పైసలియ్యి.

కోడలు: అట్లనే. కానీ అసలు ఫ్లాషే వద్దంటె?

మామ: వద్దా? కొంగు ఎగరేసిన ఫోటో సేఠ్‌కు పానం. ఫ్లాష్ లేకుంట అది ఆగుతదా?

కోడలు: ఆగకున్నా పర్వాలేదు. ఆగకపోతే ఒక ఫోటో పోతది. రంగు తప్పితే సెట్టు మొత్తం వాపస్ వస్తది. ఫ్లాష్‌తో ఫోటో తీసి, ఎల్‌ఈడీతో వీడియో తీసిననుకో. ఫోటోల రాణీ రంగు ఒక తీరు, వీడియోల ఇంకో తీరు. గుంటూరాయన రెండూ పక్కపక్కన పెట్టి చూసి, ‘ఇవి రెండు చీరలా?’ అని అడుగుతడు. ఒకే దీపం కింద రెండూ తీస్తే కనీసం రెండూ ఒక్కతీరుగుంటయి.

మామ వెంటనే జవాబివ్వలేదు. ఇవ్వలేని మాట అది. ఫోటోను, వీడియోను కలిపి చేసే కెమెరా ఏదని ఊరంతా వెతుకుతాం గానీ, ఆ రెండిటి మధ్య అసలు పేచీ వెలుగులో ఉంది. ఒకదానికి మెరుపు చాలు, ఇంకోదానికి ఎడతెగకుండా నిలిచే వెలుగు కావాలి. ఏ దీపం పెట్టాలో తేలితే కెమెరాల జాబితా దానంతటదే సగమవుతుంది. దీపం సంగతి పక్కనపెట్టి మోడళ్ళ పేర్లు పోల్చుకుంటూ కూర్చునేవాళ్ళు నెలల తరబడి కూర్చుంటారు.

మామ: సరే, ఎల్‌ఈడీనే అనుకుందాం. ఈ గదిల ట్యూబ్‌లైట్ల కిందనే తీస్తనంటవా?

కోడలు: లేదు. వాటిని ఆర్పేస్త. మొన్న ఫోన్ల తీస్తే పట్టీలు పట్టీలు వచ్చినయి.

మామ: వస్తయి. మన కరెంటు 50 హెర్ట్జ్. అగ్గువ దీపం సెకనుకు నూరుసార్లు మినుకుతది, కంటికి తెల్వది. ఫోను సెకనుకు 30 ఫ్రేములని తీస్తది, లెక్క కుదరదు. కెమెరాను పాల్‌ల పెట్టు, 25 ఫ్రేములు, షట్టర్ 50వ వంతు. మెల్లగ చూపియ్యాలంటే 50 ఫ్రేములు, నూరో వంతు. కొనే ఎల్‌ఈడీ మినుకనిది కొను. డబ్బా మీద సీఆర్‌ఐ, అంటే రంగును ఎంత నిజంగ చూపిస్తదో చెప్పే అంకె, 95 దాటిందా చూడు.

కోడలు: సీఆర్‌ఐ 95 అయినా తెల్ల చీర పాలిపోయి కనిపిస్తున్నది మామా.

మామ: తెల్లదాన్ల మిల్లోళ్ళు మెరుపు మందు కలుపుతరు. ఎండల ఉండే అతినీలం దానికి తగిలితేనే నీలంగ మెరుస్తది. ఎల్‌ఈడీల అది ఉండనట్టే. తెల్ల చీర ఒక్కటి కిటికీ కాడ తియ్యి, తక్కినవాటితో కలపకు.

కోడలు: మరి ఫోను ఎందుకు వద్దన్ననో ఇప్పుడు చెప్పనా? ఎర్ర చీర ఫ్రేము నిండితే ఫోను ‘వెలుగే ఎర్రగున్నది’ అనుకుంటది. సరిచేయబోయి మోడల్ మొఖాన్ని బూడిదరంగు చేస్తది. వెనకాలే పచ్చ చీర వస్తే ఇంకోతీరు మారుస్తది. ఎనిమిది రంగుల సెట్టుల తెల్ల పరద ఎనిమిది రంగుల్ల వస్తున్నది. కెమెరాలైతే గ్రే కార్డు పెట్టి, వైట్ బ్యాలెన్స్ ఒకసారి కొలిచి, ఎక్స్‌పోజర్ గూడ బిగించి, ఎనిమిది చీరలూ దాని మీదనే తీస్త.

మామ: ఫోన్ల గూడ లాక్ చేసే యాప్‌లున్నయి.

కోడలు: ఉన్నయి. లాక్ చేసినంక గూడ ఫోను తన లెక్కన రంగుల్ని గట్టి చేస్తది. రాణీ రంగుల ఎరుపు నిండిపోతే కుచ్చిళ్ళ నీడలే కనపడవు, గుడ్డ అట్టముక్క లెక్క వస్తది. కెమెరాల రా ఫైలు తీసి, వెలుగు కొద్దిగ తక్కువ పెడితే మడతలు బతుకుతయి.

మామ: ఇప్పుడు మాట్లాడుతున్నవ్. రాణీ, వంగపండు, నెమలికంఠం. ఈ మూడు సరిగ్గొస్తే తక్కినయి వాటంతటవే వస్తయి. అట్లయితే ఫోను మాట వాపస్ తీస్కున్న. ఫుల్‌ఫ్రేమ్ మాట తీస్కోను.

కోడలు: ఎందుకు?

మామ: పెద్ద సెన్సర్ల పోగు పోగు కనపడ్తది.

కోడలు: దూరంల నిలబడ్డ మనిషి మీద పోగు కనపడుడే మనకు తిప్పలు. జార్జెట్ చీర కట్టిన మోడల్‌ను తల నుంచి పాదం దాకా తీస్తే, చీర మీద నీళ్ళ అలల లెక్క రంగురంగుల గీతలు వస్తున్నయి. చీరల లేని డిజైను ఫోటోల కనిపిస్తున్నది.

మామ: మొయిరే. సాంచా మీద పనిచేసినోనికి చెప్పనక్కర లేదు. పలుచని గుడ్డలు రెండు ఒకదాని మీద ఒకటి పరిచి కొద్దిగ జరిపితే అట్లనే అలలు పుడ్తయి. ఇక్కడ ఒక గుడ్డ చీర, రెండోది సెన్సర్ మీది గళ్ళు.

ఈ దగ్గర వాళ్ళిద్దరూ కాగితం మీద లెక్క వేశారు. ఆ లెక్క ఏ పరీక్షా నివేదికకన్నా పనికొచ్చేది కాబట్టి ఇక్కడ ఇస్తున్నాను. తలపైనా పాదాల కిందా కొంత చోటు వదిలి, ఫ్రేము నిలువున 180 సెంటీమీటర్లు పడుతుందనుకుందాం. 24 మెగాపిక్సెళ్ళ కెమెరాను నిలువుగా పట్టుకుంటే ఆ ఎత్తు మీద 6000 పిక్సెళ్ళు ఉంటాయి. అంటే సెంటీమీటరుకు 33. గుడ్డలో సెంటీమీటరుకు 30 పోగులుంటే, ఒక్కో పోగుకు దాదాపు ఒకే పిక్సెలు దక్కుతుంది. పోగును, పక్క సందును విడివిడిగా పట్టుకోవాలంటే కనీసం రెండు కావాలి. ఒకటి దగ్గర ఆగిపోతే అలలు పుడతాయి. 40 మెగాపిక్సెళ్ళకు వెళ్ళినా సెంటీమీటరుకు 43 మాత్రమే. 60 కావాలంటే నిలువున 10,800 పిక్సెళ్ళు, మొత్తం 78 మెగాపిక్సెళ్ళు కావాలి. నిలువు 4కే వీడియోలోనైతే ఉన్నవే 3840, సెంటీమీటరుకు 21. ఫుల్‌ఫ్రేమైనా, చిన్న సెన్సరైనా ఈ లెక్కలో తేడా లేదు. పిక్సెళ్ళ సంఖ్య ఒకటే అయితే పోగుకు దక్కేదీ ఒకటే.

మామ: అయితే దగ్గరికి పోయి నడుము పైభాగం తియ్యాలె. ఫ్రేము ఎత్తు 90 అయితే సెంటీమీటరుకు 67 వస్తయి. నేతపని దాంట్ల చూపియ్యి. నిలువెత్తు ఫోటోల పోగులు కలిసిపోనియ్యి.

కోడలు: కలిసిపోవాలంటే?

మామ: ఎఫ్ 16 దాకా మూసెయ్యి, లెన్సే కొద్దిగ మెత్తగైతది. లేకుంటే అడుగు ఎనకకు జరుగు, అలలు చోటు మారుస్తయి. మోడల్ వారగ నిలబడితే గూడ పోతయి.

కోడలు: ఎఫ్ 16 అంటే ఎల్‌ఈడీ వెలుగు చాలదు మామా. ఐఎస్‌ఓ ఆకాశానికి పోతది.

మామ: అందుకే ఫ్లాష్ అన్న!

కోడలు: అందుకే నేను వారగ నిలబెడ్త.

ఇద్దరూ నవ్వారు గానీ, ఆ నవ్వులో మామకు ఒక పాయింటు దక్కింది. వెలుగు ఎక్కువ ఉంటే దారులు ఎక్కువుంటాయి. ఎల్‌ఈడీని మాత్రమే నమ్ముకున్నవాళ్ళకు ఆ వెసులుబాటు ఉండదు.

వీడియోలో మొయిరే సంగతి వేరు. కెమెరా సెన్సర్‌లోని అన్ని వరసలనూ చదివి 6కేని 4కేగా కుదిస్తే అలలు తగ్గుతాయి. కొన్ని వరసలు దాటేసి చదివే పాత కెమెరాల్లో పెరుగుతాయి. కానన్ ఆర్50 సెకనుకు 30 ఫ్రేముల దాకా పూర్తి వెడల్పుతో, 6కే నుంచి కుదించే 4కే ఇస్తుంది. ఫుజిఫిల్మ్‌వాళ్ళు ఎక్స్-ట్రాన్స్ సెన్సర్‌లో రంగు గళ్ళ అమరికనే మార్చి, ముందు ఉండే మెత్తబరిచే ఫిల్టరును తీసేశారు. గళ్ళ చీరలకు అది ఎంత మేలో గుడ్డ ముందు పెట్టి చూస్తే తప్ప చెప్పలేం.

మామ: ఫుల్‌ఫ్రేమ్‌ల ఇంకో మాట. తక్కువ వెలుగుల శుభ్రంగ వస్తది.

కోడలు: వస్తది. కానీ నాకు కొంగు అంచు, మొఖం, కుచ్చిళ్ళు మూడూ ఫోకస్‌ల ఉండాలె. చిన్న సెన్సర్ల ఎఫ్ 5.6 దగ్గర వచ్చే లోతు, ఫుల్‌ఫ్రేమ్‌ల ఎఫ్ 8 దాకా మూస్తే గాని రాదు. నువ్వు చెప్పిన శుభ్రమంత అక్కడనే ఖర్చయిపోతది. మల్ల బరువు. ఆర్50 375 గ్రాములు. నీ డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సే అంతకు రెండింతలుంటది.

మామ: ...బరువు మాట ఒప్పుకుంట. ఎందుకంటే నా మెడే చెప్తది.

కోడలు: ఇంకొకటి. జరీ.

మామ: జరీ ఏమైంది?

కోడలు: ఫోటోల జరీ చచ్చిపోతది. పెద్ద సాఫ్ట్‌బాక్స్ పెడితే పసుపు గీత లెక్క, వట్టి దీపం పెడితే తెల్ల చుక్కల లెక్క. అసలు జరీని గుర్తుపట్టేది అది కదిలినప్పుడు. అంచు అటు ఇటు తిప్పితే మెరుపు పరుగెత్తాలె. దానికే వీడియో అడుగుతరు, రీల్స్ మోజుకు కాదు. చెయ్యి పెట్టి చూడలేనోనికి వీడియోనే చెయ్యి.

సూరత్ జరీకి భౌగోళిక గుర్తింపు ఉంది. అయితే ఈ సందుల్లో అమ్ముడయ్యే చీరల్లో ఎక్కువభాగం ప్లాస్టిక్ పొర మీద లోహపు పూత పూసిన జరీ. దాని మెరుపు, అసలు జరీ మెరుపు ఒకటి కావు. ఆ తేడా నిశ్చల చిత్రంలో పట్టుబడదు. ఇక్కడ కోడలి మాటే సరైనది. వీడియోను ఫోనుకు వదిలేద్దామన్న మామ సలహా అసలు సరుకును వదిలేసినట్టే.

మామ: అయితే 10 బిట్ అంటివి చూడు, అది దేనికి? వాట్సాప్ పిండి చేసి పంపిస్తది కదా.

కోడలు: వాట్సాప్‌ల డాక్యుమెంటుగ పంపిస్తే చెయ్యదు. ఇన్‌స్టాగ్రాంల ఎట్లయినా నలుగుతది. నాకు అసలు కావాల్సింది రంగు నమూనా. మామూలు 8 బిట్ వీడియోల వెలుగుకు ఎన్ని చుక్కలో, రంగుకు అండ్ల పావు వంతే ఉంటయి. ఎర్ర చీర మీద సన్న ఎంబ్రాయిడరీ ఉంటే దారం రంగు పక్కకు అలుక్కపోతది. 4కేల తీసి ఫుల్ హెచ్‌డీకి తగ్గిస్తే ఆ నష్టం పూడుతది. ఇగ 10 బిట్ ఉంటే తర్వాత రంగు దిద్దుకునేటప్పుడు పట్టీలు పడవు.

మామ: అంటే 4కే చూసేటోని కోసం కాదు, తగ్గించుకోవటానికి.

కోడలు: అంతే.

మామ: మరి చేతుల పట్టుకుని తీస్తే ఊగుతది కదా. బతుకమ్మ ఆట వీడియో నువ్వు తీసింది చూసిన, తల తిరిగింది.

కోడలు: గదిల స్టాండున్నది. బయటకు పోవాలంటే బాడీలనే కుదుపు ఆపేది కావాలె, అంటే సోనీ ఏ6700, లేకుంటే ఫుజి ఎక్స్-ఎస్20. రెండూ 2023వి, రెండూ 500 గ్రాముల లోపలే. ఎక్స్-ఎస్20ల ఇంకో సుఖం, సెన్సర్ మొత్తం వాడి 6.2కే తీస్తది, ఒక క్లిప్పు నుంచే నిలువు, అడ్డం రెండూ కోసుకోవచ్చు.

మామ: ధర?

కోడలు: ఏ6700 బాడీ ఒక్కటే లక్షా ముప్పై వేలు దాటింది వచ్చినప్పుడు. ఎక్స్-ఎస్20 గూడ లక్ష దాటుడే.

మామ: దీపాలు ఏం పెట్టి కొంటవ్ మరి? రెండు మంచి ఎల్‌ఈడీలు, రెండు సాఫ్ట్‌బాక్సులు ముందు. తర్వాత లెన్సు. మిగిలిన పైసలకు ఎంత కెమెరా వస్తే అంత.

కోడలు: నేనూ గదే అంటున్న! అందుకే ఆర్50, లేకుంటే జడ్‌వీ-ఈ10.

తక్కిన సంగతులు వాళ్ళు చకచకా తేల్చేశారు. ఈ ధరలో ఏ చిన్న కెమెరాకూ రెండు కార్డు స్లాట్లు లేవు. పెళ్ళి మళ్ళీ జరగదు గాని చీర మళ్ళీ కట్టించుకోవచ్చు కాబట్టి పరవాలేదన్నది కోడలి లెక్క. వేసవిలో ఏసీ లేని గదిలో 4కే తీస్తే ఏ చిన్న బాడీ అయినా వేడెక్కి ఆగుతుంది. స్క్రీను బాడీ నుంచి బయటకు లాగి ఉంచాలి, సోనీలైతే వేడి హద్దును మెనూలో పెంచుకోవాలి. ఒకప్పుడు కెమెరాలు 29 నిమిషాల 59 సెకన్ల దగ్గర వీడియో ఆపేవి. అరగంట దాటితే యూరప్‌లో వీడియో కెమెరా సుంకం పడుతుందన్నది దాని వెనక లెక్క. ఇప్పుడొచ్చేవాటిలో చాలావాటికి ఆ బెడద లేదు. ఆర్50 గంట దాకా తీస్తుంది. గంటసేపు ఏకబిగిన చీర చూపించేవాళ్ళు లైవ్ అమ్మకాలవాళ్ళే, వాళ్ళు యూఎస్‌బీ వైరుతో నేరుగా ప్రసారం చేసుకోవచ్చు. లెన్సు మాత్రం ఈ గదిలో విప్పకూడదని మామ గట్టిగా చెప్పాడు. గుడ్డల గదిలో గాలి నిండా నూగు, అది సెన్సర్ మీద వాలితే ఎనిమిది రంగుల సెట్టులో ఎనిమిదింటి మీదా ఒకేచోట మచ్చ. వానాకాలంలో తాపీ ఒడ్డు ఊళ్ళో లెన్సులకు బూజు పట్టడం కూడా మామూలే, గాలి చొరని డబ్బా, సిలికా జెల్ ఖర్చు బడ్జెట్‌లో రాసుకోవాలి.

మామ: జడ్‌వీ-ఈ10ల వ్యూఫైండర్ లేదు. రెండిట్లనూ లేదు.

కోడలు: గదిల ఎందుకు?

మామ: సేఠ్ రేపు తోటల తియ్యమంటడు, డుమ్మస్ పోదాం సముద్రం కాడ అంటడు. ఎండల స్క్రీను కనపడదు. కంటికి ఆనించి పట్టుకుంటే చెయ్యి గూడ ఊగది. ఆర్50ల వ్యూఫైండరున్నది.

కోడలు: ఆర్50ల మామూలు వీడియో 8 బిట్టే. సోనీకి సిగ్మా 18-50 ఎఫ్ 2.8 లెన్సు పాతదన్నా దొరుకుతది, మూడొందల గ్రాములు గూడ ఉండదు. కానన్‌కు ఆ లెన్సు 2024ల గాని రాలేదు, సెకండ్‌హ్యాండ్‌ల తక్కువ. ఇగ కొంగు అంచు కెమెరా ముందుకు తెస్తే సోనీ మొఖం వదిలి దాన్ని పట్టుకుంటది, దానికి ఒక మీటే ఉన్నది.

మామ: కానన్ల గూడ అసుంటి మోడ్ ఉన్నది. డెమో అంటరు.

కోడలు: ఉన్నది. సరే, అదొక్కటి కొట్టేస్త.

మామ: రెండో జడ్‌వీ-ఈ10 ఇంక మనసుల ఉన్నదా?

కోడలు: ఉన్నది. ఫ్లాష్ కొట్టనప్పుడు పరద లేకపోతే నాకేం నష్టం? వీడియోకు మొదటిదాని కన్నా వరసలు తొందరగ చదువుతది, కొంగు తిప్పినప్పుడు అంచు వంకర తక్కువ. మొదటిదాంట్ల 4కేల బాగ వంగుతది.

మామ: మన మినుకని దీపాల కింద నష్టం లేదు. కింద షోరూంల సేఠ్ ట్యూబ్‌లైట్ల కాడ తియ్యమన్నప్పుడు పట్టీలొస్తయి, అప్పుడు నన్ను పిలుస్తవ్. నాకు రాత్రి పెండ్లి ఉంటది.

ఇక్కడ వాళ్ళు ఆగిపోయారు. నన్నడిగితే, దీపాలు మారని గదిలో మాత్రమే పనిచేసేవాళ్ళకు పరదా లేని కొత్త కెమెరా సరిపోతుంది. ఎవరు ఎక్కడికి పిలిస్తే అక్కడికి పోవాల్సిన ఉద్యోగికి సరిపోదు. ఆ అమ్మాయి ఉద్యోగి. కాబట్టి నా ఓటు ఆర్50కో, ఓపిక ఉంటే పాత జడ్‌వీ-ఈ10కో. కానీ ఆ ఓటును చీర కాదనవచ్చు.

కోడలు: ఆదివారం రెండూ కిరాయికి తెస్త మామా. ఆర్50, రెండో జడ్‌వీ. రాణీ జార్జెట్ ఒకటి, సన్నగళ్ళది ఒకటి, జరీ అంచుది ఒకటి. ఒకే దీపం, ఒకే గ్రే కార్డు, అదే చోట స్టాండు. ఫోటో, వెంటనే వీడియో.

మామ: చూసుడు దేంట్ల?

కోడలు: నా ల్యాప్‌టాప్‌ల కాదు. సేఠ్ ఫోన్ల. గుంటూరాయనకు గూడ పంపిస్త, ఏ కెమెరాదో చెప్పకుంట. అసలు చీరలు గూడ పార్సెల్ల వేస్త, పక్కన పెట్టుకుని చెప్పమంట.

మామ: మరి షోరూంల?

కోడలు: కిందికి తీస్కపోయి ట్యూబ్‌లైట్ల కింద గూడ తీస్త. పట్టీలొస్తే నీ మాటే.

మామ: ఫ్లాష్‌లు నేను తెస్త. కొట్టకున్నా సరే, ఒక మూలకు పెట్టు. ఇగ ఫైళ్ళు ఈ దుకాణంల ఒక్కచోటనే పెట్టకు. 2025 ఫిబ్రవరిల రింగ్ రోడ్డు మీద శివశక్తి మార్కెట్ ఎట్ల కాలిందో చూడలేదా? సరుకుకు బీమా ఉంటది, హార్డ్‌డిస్కుల ఫోటోలకు ఎవడిస్తడు?

కోడలు: ఒకటి ఇక్కడ, ఒకటి లింబాయత్ల మన ఇంట్ల.

మామ: ఆ రెండో హార్డ్‌డిస్కు ధర గూడ లక్షన్నరలనే రాయి. సేఠ్‌ను తర్వాత అడిగితే ఇయ్యడు.